కట్టు తీసేముందు తడపాలని ఎవరూ చెప్పలేదు

కిందటేడు దసరా సెలవుల్లో, సుగర్ వల్ల వచ్చిన ఒక ఇబ్బందికి, 43 ఏళ్ల వయసులో నేను సున్తీ ఆపరేషన్ చేయించుకున్నాను. మూడో రోజు తెల్లవారుజామున బాత్‌రూంలో నిలబడి కట్టు విప్పుకున్నాను. డిశ్చార్జి కాగితం మీద నాలుగు మందుల పేర్లు, వాటి కింద ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం: రెండు రోజుల తర్వాత కట్టు తీసేయాలి. ఎలా తీయాలో లేదు. పైపొరలు తేలిగ్గానే వచ్చాయి. చివరి గాజుగుడ్డ మాత్రం ఎండిన రక్తంతో కుట్లకు అతుక్కుపోయి కదల్లేదు. చిన్నప్పుడు మోకాలి పుండుకు అంటుకున్న గుడ్డను ఎలా లాగేవాణ్నో అలాగే, పళ్లు బిగబట్టి ఒక్కసారిగా లాగాను. గుడ్డతో పాటు ఒక కుట్టు తెగింది. రక్తం పాదాల మీద పడుతుంటే నా భార్యను కేకేశాను. ఆమె తలుపు తోసుకుని వచ్చి చూసి, ఒక్క మాట అడక్కుండా, ఉతికి ఆరేసిన నూలు గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి పట్టుకుంది. పావుగంట అలాగే పట్టుకుంది. నాకు ఆ రోజు మంచి జరిగిందంటే అది ఆమె తెలివి వల్లే.

ఖమ్మంలో ఆ వేళకు ఆటో పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి రక్తం ఆగింది. డ్యూటీలో ఉన్న నర్సు గాయం చూసి అడిగిన మొదటి మాట, "తడపకుండా లాగారా సార్?" మరిగించి చల్లార్చిన నీళ్లు గోరువెచ్చగా పోస్తూ పది పదిహేను నిమిషాలు నాననిస్తే ఆ గుడ్డ దానంతటదే జారిపోయేదట. ఈ ఒక్క ముక్క రెండు రోజుల ముందు చెప్పి ఉంటే? ఆమె అన్నది, "డాక్టర్‌గారు చెప్పే ఉంటారనుకున్నాం." డాక్టర్‌గారేమో నర్సులు చెప్తారనుకున్నారు. నేనేమో చెప్పాల్సినదుంటే చెప్తారులే అనుకున్నాను, అసలు అడగాలంటే నోరు రాలేదు.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ 35 నిమిషాల్లో అయిపోయింది, దాన్ని చేసిన డాక్టర్ చక్కగా చేశారు, ఆయన పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ తర్వాతి ఆరు వారాలు మాత్రం నా చేతిలో ఉన్నాయి, నాకు ఏమీ తెలియదు. గాయం ఎలా చూసుకోవాలో ఆపరేషన్‌కు ముందే, తెలుగులో, ఇంట్లో చూసుకునే మనిషిని కూడా కూర్చోబెట్టుకుని చెప్పాలి. మత్తు దిగుతున్నప్పుడు డిశ్చార్జి కౌంటర్ దగ్గర కాదు. ఇది దయతో చేసే అదనపు సాయం కాదు, ఆపరేషన్‌లో ఒక భాగం.

అసలు ఎందుకు చేయించుకోవాల్సి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే నాలాంటి వాళ్లు చాలామంది ఉంటారని నాకిప్పుడు తెలుసు. సుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రంలో చక్కెర పోతుంది. ముందరి చర్మం కింద ఆ తడి నిలిచి బూజు జాతి ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. దురద, ఎర్రబారడం, చర్మం అంచున సన్నటి పగుళ్లు. క్రీం రాస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పగిలి మానిన ప్రతిసారీ చర్మం బిగుసుకుంటూ పోయి చివరకు వెనక్కి రాకుండా అయిపోతుంది. దీన్నే ఫైమోసిస్ అంటారు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి సుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపించి పనిచేస్తాయి కాబట్టి వాటితో ఈ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. గుండెకు, కిడ్నీలకు అవి మేలు చేసే మందులు, ఎవరూ ఇది చదివి మానేయవద్దు. కానీ అవి రాసేటప్పుడు "అక్కడ దురద వస్తే నాకు చెప్పండి" అని నాతో ఎవరూ అనలేదు. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆ మాత్ర ఆపాలన్న సంగతి కూడా మత్తు డాక్టర్ అడిగితే బయటపడింది.

అందరికీ ఆపరేషనే అక్కర్లేదు. బిగుతు మొదట్లో ఉన్నప్పుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు కొన్ని వారాలు రాస్తే చాలామందికి చర్మం సడలుతుంది. నేను రెండేళ్లు సిగ్గుతో ఎవరికీ చూపించుకోకుండా మెడికల్ షాపులో క్రీములు కొనుక్కుని, ఆ అవకాశం పోగొట్టుకున్నాను. చూపించుకునే నాటికి చర్మం అంచు తెల్లగా, అట్టలా గట్టిపడి ఉంది. కోసిన చర్మాన్ని పరీక్షకు పంపించారు. అలా తెల్లబారిన చర్మాన్ని తప్పకుండా పంపించాలి, అడిగి మరీ పంపించమనాలి. తర్వాత కూడా మందు, పరీక్షలు అవసరమయ్యే చర్మ జబ్బులు ఉంటాయి, అరుదుగా క్యాన్సర్ కూడా. నా రిపోర్టులో భయపడాల్సింది ఏమీ రాలేదు.

ఇక సిగ్గు సంగతి. స్టాఫ్ రూంలో హెర్నియా ఆపరేషన్ అని చెప్పాను. చుట్టాలకు "చిన్న ఆపరేషన్" అన్నాను. సున్తీ అన్న మాట నోట్లోంచి వస్తే మన దగ్గర వెంటనే మతం దగ్గరికి వెళ్లిపోతుంది మాట, ఆ చూపులు, ఆ వెకిలి ప్రశ్నలు నాకు భరించాలనిపించలేదు. మా బడిలోనే పనిచేసే ఒక ముస్లిం స్నేహితుడికి మాత్రం నాలుగో రోజు ఫోన్ చేశాను. అతను నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "వాపు కిందివైపు ఎక్కువ ఉందా అన్నా? రెండు వారాలు అట్లనే ఉంటది, భయపడకు" అన్నాడు. ఎవరూ చెప్పని మాట అతను అంత మామూలుగా చెప్పేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లింట్లో పిల్లాడికి సున్తీ అయితే అమ్మమ్మ దగ్గర్నుంచి మేనమామ దాకా అందరికీ తెలుసు. గుడ్డ తగలకుండా లుంగీని దారంతో పైకి కట్టి పడుకోబెట్టేవారని, చుట్టూ కూర్చుని కథలు చెప్పేవారని అతను గుర్తు చేసుకున్నాడు. పాత రోజుల్లో హజ్జాం (సున్తీలు చేసే మంగలి) చేసి బూడిద అద్దేవాడని, ఇప్పుడు పిల్లల్ని ఆసుపత్రికే తీసుకెళ్తున్నామని కూడా చెప్పాడు. అన్నీ సరైనవని కాదు. ఆ గాయం గురించి మాట్లాడుకోవడానికి వాళ్లకు మాటలు ఉన్నాయి. నాకు లేవు.

వాపు గురించి కాస్త వివరంగా రాస్తాను, నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. మొదటి రెండు మూడు రోజులు పెరుగుతుంది. కుట్ల వరుస కింద, ముఖ్యంగా కిందివైపు, నీరు పట్టినట్టు మెత్తటి ఉంగరంలా ఉబ్బుతుంది. ఊదా రంగు, తర్వాత ఆకుపచ్చ, పసుపు రంగు కమిలిన మచ్చలు అంగం మొదలు దాకా, ఒక్కోసారి వృషణాల సంచి మీదికి కూడా దిగుతాయి. అది లోపల కారిన రక్తం బరువుకి కిందికి జారడం, కొత్త దెబ్బ కాదు. దీనికి మందు కన్నా ముఖ్యమైనది అంగాన్ని పొట్టవైపు పైకి ఆనించి ఉంచడం. కిందికి వేలాడితే నీరు దిగదు, అక్కడే నిలుస్తుంది. మా నాన్న వయసు వాళ్లు ఎవరైనా "లుంగీ కట్టుకో, గాలి తగలనీ" అనే చెప్తారు, నేనూ మొదటి మూడు రోజులు అదే చేశాను, వాపు రెట్టింపయింది. నర్సు చెప్పాక మెత్తటి నూలు డ్రాయర్, మరీ బిగుతు కాకుండా పట్టి ఉంచేది వేసుకుని, పైకి పెట్టుకుని, మధ్యలో వాజలీన్ రాసిన గాజుగుడ్డ ముక్క ఉంచుకుంటే రెండు రోజుల్లో తేడా కనిపించింది. పడుకున్నప్పుడు లుంగీ హాయి, కాదనను. నడిచేటప్పుడు, నిలబడేటప్పుడు ఆసరా కావాలి.

ఆ వాజలీన్ ఇంకో పనికి కూడా వచ్చింది. నలభై ఏళ్లు చర్మం కింద దాగిన భాగం ఒక్కసారిగా బయటపడితే, గుడ్డ అంచు తగిలినా ఒళ్లు జలదరిస్తుంది. నేనది ఇన్ఫెక్షన్ అనుకున్నాను. కాదు, అక్కడి చర్మం కొత్త పరిస్థితికి అలవాటు పడుతోంది. రెండు మూడు వారాల్లో దానంతటదే నెమ్మదించింది.

రాత్రుల గురించి కూడా దాచకుండా రాస్తాను. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, కలలు వచ్చే దశల్లో, రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు అంగం గట్టిపడుతుంది. మనసులో కోరికతో పని లేదు, శరీరం తన పని తాను చేసుకుంటుంది. మామూలు రోజుల్లో మనకు తెలియను కూడా తెలియదు. కొత్త కుట్లున్నప్పుడు మాత్రం ప్రతిసారీ కత్తితో గీసినట్టు మెలకువ వస్తుంది. మొదటి వారం నేను రాత్రి మొత్తం మీద మూడు గంటలు కూడా పడుకోలేదు. కుట్లన్నీ తెగిపోతాయేమోనని టెన్షన్. అసలు నేను ఏదో తప్పు చేస్తున్నానా అని ఇంకో బాధ, దాన్ని నా భార్యకు చెప్పడానికి కూడా మొహమాటపడ్డాను. తర్వాత తెలిసింది: సరిగ్గా వేసిన కుట్లు దీన్ని తట్టుకుంటాయి, ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించినా కంగారు పడనక్కర్లేదు. పడుకునే ముందు మూత్రానికి వెళ్లాలి, చివరి రెండు గంటలు నీళ్లు తగ్గించాలి, మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకోవాలి, మెలకువ రాగానే లేచి చల్లటి గచ్చు మీద నాలుగడుగులు నడిస్తే రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. రాసిచ్చిన నొప్పి మాత్రను నొప్పి వచ్చాక కాకుండా రాత్రి వేళకు వేసుకుంటే పని చేస్తుంది. ఇది చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం లేక నేను ఏడు రాత్రులు పోగొట్టుకున్నాను.

ఆరో రోజుకు కుట్ల వెంబడి పసుపుపచ్చటి పలుచని పొర కనిపించింది. చీము అనుకున్నాను. మెడికల్ షాపుకు పోతే, గాయం చూడకుండానే, రెండో యాంటిబయాటిక్, పైన చల్లుకోవడానికి ఒక పౌడర్ ఇచ్చారు. పౌడర్ తడితో కలిసి ముద్ద కట్టి కుట్ల మధ్య గట్టిపడింది, దాన్ని కడగబోతే మళ్లీ మంట. ఆ పసుపు పొర చాలావరకు గాయం మానేటప్పుడు సహజంగా వచ్చేదే. తడిగా ఉండే చోట పక్కు నల్లగా గట్టిగా కట్టదు, మెత్తగా పసుపు రంగులో ఉంటుంది. గోకి తీయకూడదు. చీముకు వాసన ఉంటుంది, చుట్టూ ఎరుపు పాకుతుంది, తాకితే వేడి, నొప్పి రోజురోజుకీ తగ్గకుండా పెరుగుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక ఎంతమంది అనవసరంగా యాంటిబయాటిక్‌లు మింగుతున్నారో, తేడా తెలియకే ఎంతమంది నిజమైన చీమును "మానుతోందిలే" అని వదిలేస్తున్నారో. రెండోది ఇంకా ప్రమాదం.

స్నానం విషయంలో కూడా అంతే. 48 గంటలు తడవకుండా చూసుకోవాలి, ఆ తర్వాత మాత్రం రోజుకు రెండుసార్లు మామూలు సబ్బునీళ్లతో మెల్లగా కడిగి మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. చెంబుతో పోసుకునే స్నానం చాలు, చెరువులూ ఈత కొలనులూ వద్దు. దూది పెట్టకూడదు, పోగులు కుట్లకు పట్టుకుంటాయి. డెట్టాల్ లాంటివి పోసి కడిగితే శుభ్రం అవుతుందనుకోవడం పొరపాటు, కొత్తగా పుట్టే చర్మం మాడుతుంది.

ఇప్పుడు పత్యం. మా అమ్మకు ఏ ఆపరేషనో చెప్పలేదు, కుట్లు పడ్డాయని మాత్రమే తెలుసు. అంతే, ఇంట్లో పప్పు ఆగిపోయింది. గుడ్డు లేదు, మాంసం లేదు, వంకాయ, గోంగూర సరే సరి. ముద్దపప్పు తింటే చీము పడుతుందని మా ఇళ్లలో ఎప్పటినుంచో నమ్మకం. పది రోజులు బీరకాయ కూర, చారు, కారప్పొడి. కారప్పొడి పత్యమట, పప్పు కాదట. ఆలోచించండి, గాయం మానడమంటే కొత్త కణజాలం పుట్టడం, దానికి కావలసింది మాంసకృత్తులు. మాంసం తినని ఇంట్లో అవి వచ్చేది పప్పులోంచి, పాలలోంచి. తినే ఇంట్లో గుడ్లలోంచి కూడా. 100 గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు పైగా ఉంటాయి, ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా. సరిగ్గా శరీరం వాటిని అడిగే రోజుల్లో మనం వాటినే తీసేసి, సుగర్ ఉన్నవాడికి పళ్లెం నిండా తెల్లన్నం, చారు పెడుతున్నాం. సుగర్ బాగా పెరిగితే తెల్లరక్త కణాలు సరిగా పోరాడలేవు, గాయం తొందరగా మానదు. ఆపరేషన్‌కు ముందు నా హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సుగర్ సగటు చెప్పే పరీక్ష) 9.4 ఉంటే, రెండు నెలలు ఆగి 7.8కి తెచ్చాకే చేశారు. ఆ రెండు నెలల కష్టాన్ని పత్యం పేరుతో పది రోజుల్లో పాడుచేసుకున్నాను. అమ్మ ప్రేమను నేను తప్పు పట్టను. ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

చివరకు నేనే చెప్పాను. ఆమె పసుపు, కొబ్బరినూనె కలిపి గిన్నెలో తెచ్చి "ఇది రాయిరా, తొందరగా మానుతది" అన్నప్పుడు, ఎక్కడ కుట్లున్నాయో, ఎందుకో, ఇవేవీ అక్కడ రాయకూడదని, వంటింటి పసుపులో ఏమేం కలిసి ఉంటాయో మనకు తెలియదని మొత్తం చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గిన్నె పక్కన పెట్టి, "మీ నాయనకు గూడ ఇట్లనే ఉండె" అంది. నాన్నకు సుగర్ పదిహేనేళ్లు ఉంది. ఆ పగుళ్లు, ఆ మంట, మూత్రానికి వెళ్లి వచ్చి గోడ పట్టుకుని నిలబడడం, అంతా ఆమె చూసింది. ఆయన ఏ డాక్టరుకూ చెప్పలేదు, ఆమెను చెప్పనివ్వలేదు. పోయి తొమ్మిదేళ్లయింది. ఆ రాత్రి అన్నంలో పప్పు వడ్డించింది అమ్మ.

మన డాక్టర్లకు టైం ఎక్కడుంది, ఓపీలో వందమంది ఉంటారు అని మీరు అనొచ్చు. నిజమే. అయితే ఇదే ఆపరేషన్‌ను మనకంటే తక్కువ డాక్టర్లున్న దేశాల్లో ఎలా చేశారో చూడండి. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్, కెన్యాలోని కిసుము, ఉగాండాలోని రకాయి ప్రాంతాల్లో జరిగిన మూడు పెద్ద పరిశోధనల్లో సున్తీ చేయించుకున్న మగవారికి, స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు 60 శాతం తగ్గిందని తేలింది. దాని మీద 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేశాక తూర్పు, దక్షిణ ఆఫ్రికాలోని 15 దేశాల్లో 3 కోట్లమందికి పైగా పెద్దవాళ్లు, కుర్రవాళ్లు ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. వ్యాధి నివారణకు అది మన దేశంలో పెట్టాలా వద్దా అన్నది వేరే చర్చ, దానిలోకి నేను పోను. నాకు కావలసింది వాళ్లు గాయాన్ని చూసుకున్న పద్ధతి. కెన్యాలో ఈ ఆపరేషన్లు చేసింది ఎక్కువగా శిక్షణ పొందిన నర్సులు, క్లినికల్ ఆఫీసర్లు (డాక్టర్లు కాకపోయినా వైద్యం చేసే సిబ్బంది). ముందే కౌన్సెలింగ్. రెండో రోజు, ఏడో రోజు, ఆరు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. కట్టు ఎప్పుడు తీయాలి, ఎలా కడగాలి, పైకి ఎలా పెట్టుకోవాలి, ఏది చూస్తే పరిగెత్తుకు రావాలి, అన్నీ అర్థమయ్యే భాషలో నోటితో చెప్పి, కాగితం మీద కూడా ఇవ్వాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని చోట్ల ధనుర్వాతం కేసులు బయటపడినప్పుడు టీకాల నియమం గట్టి చేశారు, గాయానికి పేడ, బూడిద లాంటి ఇంటివైద్యాలు పూయవద్దని మరీ మరీ చెప్పించారు. అక్కడ పొలం పనులు చేసుకునే కుర్రాడికి అందిన మాట, ఖమ్మంలో డబ్బు కట్టి ఆపరేషన్ చేయించుకున్న టీచరుకు ఎందుకు అందలేదు? డాక్టరే చెప్పాలని ఎవరన్నారు? ఆ తెల్లవారుజామున నాకు అన్నీ చెప్పిన నర్సుకు ఆ పని అప్పగిస్తే పది నిమిషాల్లో అయిపోయేది.

దీనికి తోడు ప్రకటనలు. ఫోన్ తెరిస్తే లేజర్ సున్తీ, స్టేప్లర్ సున్తీ, నొప్పి లేదు, కోత లేదు, రెండో రోజే ఆఫీసుకు. స్టేప్లర్ పద్ధతి మంచిదే, ఆపరేషన్ త్వరగా అవుతుంది, రక్తం తక్కువ పోతుంది. కానీ కోత లేకుండా చర్మం ఎలా ఊడుతుంది? అందులో కుట్ల బదులు సన్నటి లోహపు పిన్నులు ఉంటాయి. అవి రాలడానికి కొన్ని వారాలు పడుతుంది, కొన్ని రాలకపోతే తీయించుకోవాలి. గాయం మానడానికి పట్టే కాలం ఏ మిషనుతోనూ పెద్దగా మారదు. కుర్చీలో కూర్చునే పనైతే నాలుగైదు రోజులకు వెళ్లొచ్చు. మా వీధిలో ఒక హమాలీ ఉన్నాడు, రోజుకు వంద బస్తాలు మోస్తాడు. అలాంటివాడికి "రెండో రోజే పనికి" అని చెప్పడం అబద్ధం మాత్రమే కాదు, హాని. బరువులెత్తే పనికి రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. బైక్ కూడా మా రోడ్ల మీద రెండు వారాల దాకా వద్దు, నేను పదకొండో రోజు ఎక్కి ఆ సాయంత్రమే వాపుతో పడుకున్నాను.

కరిగే కుట్లు రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. నాకు తొమ్మిదో రోజే పక్కపక్కనే మూడు రాలి అర సెంటీమీటరు సందు పడింది. మళ్లీ కుట్టాల్సి వస్తుందని వణికిపోయాను. అంత చిన్న సందు అడుగునుంచి కండ పెరిగి దానంతటదే పూడుతుందని అదే నర్సు చెప్పింది, పది రోజుల్లో పూడింది. అయితే పైకి మానినట్టు కనిపించడం వేరు, బలం రావడం వేరు. మూడు వారాలకు ఆ అతుకుకు మామూలు చర్మం బలంలో నాలుగో వంతు కూడా కష్టం, ఎనభై శాతం రావడానికి మూడు నెలలు పడుతుంది. అందుకే ఆరు వారాలు భార్యాభర్తలు దూరంగా ఉండాలంటారు. హస్తప్రయోగం కూడా అంతే. మానని గాయంతో కలిస్తే అతుకు విడిపోవడమే కాదు, ఇన్ఫెక్షన్లు ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతాయి. నా కాగితం మీద ఈ ఆరు వారాల మాట లేదు. సిగ్గుపడి రాయలేదేమో. నేను సిగ్గుపడి అడగలేదు. నాలుగో వారంలో నా భార్యే డాక్టర్‌గారి గదిలోకి వచ్చి అడిగింది, ఆయన తలెత్తకుండా "ఇంకో రెండు వారాలు" అన్నారు.

ఏవి చూస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలో కూడా చెప్పకుండా ఇది ముగించలేను. శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా, అదిమి పట్టినా రక్తం ఆగకపోతే వెళ్లాలి. ఆరేడు గంటలు మూత్రం రాకపోతే, కట్టు బిగిసి అంగం కొస నల్లబడుతున్నా నీలమవుతున్నా, చలిజ్వరం వచ్చినా, దుర్వాసనతో చీము కారినా తెల్లవారేదాకా ఆగకూడదు. సుగర్ ఉన్నవాళ్లకు ఇంకొకటి: ఎరుపు, వాపు, విపరీతమైన నొప్పి వృషణాల సంచి వైపు, మలద్వారం వైపు గంటగంటకూ పాకుతుంటే, చర్మం మీద నల్లటి మచ్చలు కనిపిస్తుంటే అది ప్రాణం మీదికి వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. చాలా అరుదు. కానీ అందులో ప్రతి గంటా లెక్కే, సిగ్గుతో పోగొట్టుకునే గంటలు కూడా.

ఆరు వారాలకు చివరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఇక్కడ రాసినవన్నీ రెండు పేజీల్లో తెలుగులో రాసి తీసుకెళ్లాను. బడిలో పిల్లలకు నోట్సు చెప్పినట్టే, పెద్ద అక్షరాలతో. నర్సు చదివి రెండు చోట్ల దిద్దింది, వాజలీన్ ఎంత పలుచగా రాయాలో ఒక మాట చేర్చింది, జిరాక్స్ తీయించుకుంటానని దాచుకుంది. బయట బెంచీ మీద ఇరవై ఏళ్ల కుర్రాడొకడు, పక్కన వాళ్ల నాన్న. కుర్రాడు కాళ్లు ఎడంగా పెట్టి, ఫోన్‌లోకి తల దించుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేను గుర్తుపట్టాను.

"నిన్ననా బాబూ?" అని అడిగాను.

కుర్రాడు తల ఎత్తలేదు. వాళ్ల నాన్నే, "నిన్న పొద్దున సార్. రేపు ఇంటికాడ కట్టు తీయమన్నరు. ఎట్ల తీయాల్నో మరి" అన్నాడు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను.